శరభయ్య ఐరేని కుండలు

కుమ్మరి శరభయ్య ఇంట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట అన్నది శరభయ్యే. "మన తెలివి ఊరంతా పంచితే తలకో దోసెడు వస్తుందే!" అనేవాడు. పెళ్ళాం చిట్టెమ్మా, తమ్ముడు బసవయ్యా అవునవును అనేవాళ్ళు. కాదనే తెలివి ఉంటేగా!

ఊరి కామందు ఇంట పెళ్ళి కుదిరింది. గురువారం మేళతాళాలతో వచ్చి, పెళ్ళిలో పెట్టే ఐరేని కుండలు పట్టుకెళతారు. అవి ఇచ్చే హక్కు తాతల నాటి నుంచీ వీళ్ళది. ఈసారి ఇవ్వలేకపోతే పొరుగూరి కుమ్మరికి పోతుంది. ఆవం పేర్చి కుండలు కాల్చే తండ్రేమో ఏడాది కిందటే పోయాడు. శరభయ్య పోయి మామగారు ముత్తయ్యని పిలుచుకొచ్చాడు.

"కుండకి లోపలిదాకా ఎండ తగలాలయ్యా" అన్నాడు మామ.

శరభయ్య కుండలోకి తొంగి చూశాడు. అంతా చీకటి! "ఎండ ఎట్టా పోద్దిరా లోపలికి?" అంతే, బసవయ్య ఇనప చువ్వ తెచ్చి ప్రతి కుండకీ అడుగున చిల్లు పొడిచాడు. ఎండ భేషుగ్గా తగిలింది.

మళ్ళీ చేశారు. "ఈసారి ఆవం మీద సందు లేకుండా మట్టి మెత్తండి. లోపలి పొగకి కుండలు నల్లగా నిగనిగలాడతాయి" అన్నాడు మామ. చీమ దూరకుండా మెత్తారు. మెత్తాక అగ్గిపెట్టె తీశారు. నిప్పు ఎక్కడ పెట్టాలి? మామ అది చెప్పలేదాయె! ఇంకేముంది, పైన చితుకులు పేర్చి అంటించారు. మెత్తిన మట్టి చక్కగా కాలింది. లోపల కుండలు పచ్చిగానే ఉన్నాయి.

"లోపలి పొగ ఒక్క పిసరు బయటికి రాలేదు నాన్నా!" అని మురిసిపోయింది చిట్టెమ్మ.

మామ నెత్తి బాదుకుని, తనే దగ్గరుండి అంటించాడు. "చల్లారకుండా విప్పారో, చంపేస్తా!" అని చెప్పి భోజనానికి వెళ్ళాడు. శరభయ్య ఆవం మీద చెయ్యి వేశాడు. చుర్రుమంది. తెల్లారితే గురువారం! అంతే, ముగ్గురూ బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించారు. ఆవం చల్లారింది. కుండలు టపటపా పేలిపోయి మరీ చల్లారాయి.

"చల్లారాకే విప్పాం మామా, ఒట్టు!"

ముత్తయ్య బండి కట్టించుకుని ఊరికి పోయి, తన ఆవంలో కాలిన అయిదు కుండలు తెచ్చి, సున్నమూ ఎర్ర జాజూ పూసి ఇచ్చాడు. "నా కూతురి మొహం చూసి ఇస్తున్నా. వీటిని నువ్వేం చెయ్యకు. ఇచ్చెయ్, అంతే." శరభయ్యకి ఏడుపొచ్చినంత పనైంది. హక్కు దక్కింది!

గురువారం మేళం వచ్చింది. "ఏం శరభయ్యా, బాగా కాలాయా?" అన్నాడు కామందు.

"మీరే వినండి బాబూ! కాలిన కుండ ఖణ్ణుమంటది" అని శరభయ్య వేలితో తట్టాడు.

"ఈ డోలు హోరులో ఏం వినపడుతుందయ్యా?"

అంతే, శరభయ్య మూలనున్న గుదియకర్ర అందుకున్నాడు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఇక్కడ గుదియ కూడా కుమ్మరిదే. అయిదు కుండలకీ వరసగా అయిదు పెట్లు పడ్డాయి. మేళం ఆగిపోయింది. ముత్తయ్య అరుగు మీద కూలబడ్డాడు.

పెంకుల మధ్య నిలబడి, శరభయ్య ఛాతీ విరుచుకున్నాడు.

"విన్నారా బాబూ? అయిదుకి అయిదూ ఖణ్ణుమన్నాయి! ఇంత బాగా కాల్చేవాడు పొరుగూళ్ళో ఉన్నాడేమో, వెళ్ళి చూసుకోండి!"