తోడుకోని పాలు

మావుళ్ళయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. పశువుల మందులనూ పొలం మందులనూ తనిఖీ చేసే శాఖలో ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. సీసా మూత తీయకుండానే వాసన చూసి అందులోని మందు ఏ నెలలో తయారైందో చెప్పేవారు. నెల ఏం ఖర్మ, తయారైన రోజున అక్కడ వాన పడిందో లేదో కూడా చెప్పేవారు. ఒకసారి నకిలీ పురుగుమందు లారీకి అడ్డంగా నిలబడి ఊరికే అలా చూశారట. ఆ లారీ వెనక్కి వెనక్కి పదకొండు మైళ్లు నడిచి, బయలుదేరిన గోదాము గోడకు గుద్దుకుని గానీ ఆగలేదు. నమ్మనివాళ్లు వెళ్లి ఆ గోడకున్న సొట్ట చూసి రావచ్చు. అంతటి మనిషీ శిష్యుల దగ్గర మాత్రం మాట పొదుపు.

ఆ శిష్యుల్లో ఆఖరివాడు ఏసుపాదం, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇన్‌స్పెక్టరు. ఒక గురువారం మధ్యాహ్నం చంకలో ఫైలు పెట్టుకుని గురువుగారి వసారాలోకి వచ్చాడు. వెలిచేర్లలో వరహాలు అనే మందుల కొట్టువాడు, గేదెల పొదుగువాపుకి ఎక్కించే ట్యూబులను పెట్టెల్లోంచి తీసి విడివిడిగా అమ్ముతున్నాడు. పెట్టెలో వచ్చే కాగితాన్ని పారేస్తున్నాడు. ఆఖరి ట్యూబు ఎక్కించాక నాలుగు రోజులపాటు ఆ పాలు వాడకూడదన్న ముక్క ఆ కాగితం మీదే ఉంటుంది. నెల క్రితం ఏసుపాదం తనిఖీకి వెళ్లి ఆ వ్యవహారం కళ్లారా చూశాడు. నోటితో మందలించి వచ్చేశాడు. ఇప్పుడు వాడి లైసెన్సు నిలిపివేయాలో, ఫైలు మూసేయాలో రాసి పైకి పంపాలి.

"గురువుగారూ, మందు అసలుదే, నకిలీ కాదు. గేదెలు కోలుకున్నాయి. రైతులు వాడికి దండాలు పెడుతున్నారు. ఒక్క కాగితం ముక్క లేనందుకు కొట్టు మూయించమంటారా? ఆ పాలు తాగి చచ్చినవాడు ఒక్కడున్నాడా?"

మావుళ్ళయ్య గారు చెప్పులు వేసుకున్నారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఇల్లాలిని అడిగి ఒక చిన్న గిన్నెడు పెరుగు మూతపెట్టించుకుని వచ్చారు. వెలిచేర్ల కబురేదో ఆయన చెవిన అప్పటికే పడిందన్నమాట.

"బండి తియ్యవోయ్," అన్నారు.

వాళ్లు చేరేసరికి సాయంత్రం పాలు పితికే వేళయింది. చెంబుల్లో పాలధార పడే చప్పుడు తప్ప ఊరంతటా ఒక్క మాట లేదు. ఏ వసారాలో చూసినా కవ్వం తాడుతో సహా గోడకి వేలాడుతోంది. దాని కింద వరసగా మూతలేసిన గిన్నెలు. ఏసుపాదం ఒక మూత తీసి చూశాడు. నిన్న తోడుపెట్టిన పాలు. పాలు పాలుగానే ఉన్నాయి. పక్క గిన్నెలో మొన్నటివి. అవీ అంతే. మీగడ కింద, కన్ను మూయని శవం చూపులా, తెల్లగా, కదలకుండా.

"మూత పెట్టెయ్ బాబూ," అంది ఆ ఇంటావిడ వీరరాఘవమ్మ, నాలుగడుగుల దూరంలో ఆగిపోయి. "ఆ గాలి సోకితే మీ ఇంటికీ అంటుకుంటుంది."

"ఏమిటమ్మా అంటుకునేది?"

"చుక్కమ్మ చెయ్యి."

వెలిచేర్లలో ఎవరింటి తోడు వాళ్లింట్లో దాచుకునే అలవాటు లేదు. పాలు కాచి చల్లార్చి, ఆడవాళ్లంతా గిన్నెలతో చుక్కమ్మ గుమ్మానికి వెళతారు. ఆవిడ కుడిచేతి చిటికెన వేలు ముంచి గోరువెచ్చన చూసుకుని, తన కుండలోంచి చెంచాడు తోడు తనే కలిపి ఇవ్వాలి. ఆవిడ అత్తగారిదీ అదే పని, ఆ అత్తగారి అత్తగారిదీ అదే పని. చుక్కమ్మ వేలు పెట్టిన పెరుగుని కత్తిపీట మీద తరిగి, ముక్కలు తామరాకులో కట్టుకుని సంతకి పట్టుకెళ్లేవారు. తొమ్మిది రోజులుగా మాత్రం నలభై ఇళ్లలో ఒక్క గిన్నె తోడుకోలేదు. తెల్లవారి లేస్తే ఊళ్లో కవ్వం చప్పుడు లేదు. ఏడో రోజున ఎవరో ఆవిడ గుమ్మానికి వేపమండలు అడ్డంగా కట్టారు. శుక్రవారం పొద్దెక్కేలోగా ఆవిడ పొలిమేర దాటిపోవాలని పెద్దమనుషులు తేల్చేశారు. దాటి ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు.

చుక్కమ్మ గడపలో కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. కుడిచేతికి మోచేతి దాకా పాత చీరపేలిక చుట్టుకుని, నిద్రపోయిన పసిపిల్లను పెట్టుకున్నట్టు దాన్ని ఒళ్లో పెట్టుకుంది. వీధిలోని దూడ ఒకటి వచ్చి ఆ గుడ్డను నాకబోతే గబుక్కున పక్కకి తిరిగింది.

"దగ్గరికి రాకండి నాయనా. నేను బతికే ఉన్నాను. ఇదే పోయింది."

"నొప్పి పుడుతోందా మామ్మా?" అన్నాడు ఏసుపాదం.

"పోయినదానికి నొప్పేంటి? పక్కన పడుకోబెట్టుకుని జోకొడుతున్నాను. పేరు పెట్టి పిలుస్తున్నాను. పలకదు. ఎడమచేత్తో తింటుంటే అన్నం కూడా నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది."

ఏసుపాదం వెనక్కి తిరిగాడు. ఆడవాళ్లు అప్పటికే వీధి సగం నిండారు. "మీ గేదెలన్నిటికీ వరహాలు ట్యూబులు ఎక్కించారా?"

"ఈ పది రోజులుగా ఎక్కిస్తున్నాం, జబ్బు గేదెలకి రెండు పూటలా. జబ్బు లేనివాటికి, రాకుండా ఉండటానికి," అంది వీరరాఘవమ్మ. "బంగారంలాంటి మందు."

"పొదుగులో పురుగుని చంపే మందమ్మా అది. పాలలోకి దిగితే తోడులో ఉండే జీవాన్నీ చంపేస్తుంది. అందుకే తోడుకోవట్లేదు."

"తోడులో జీవమా!" వీధంతా ఒక్కసారి నవ్వి, నవ్వినందుకు భయపడినట్టు ఆగిపోయింది. "ఇన్‌స్పెక్టరు బాబు చుక్కమ్మకి ఏమవుతాడో! చుట్టరికం బానే కలుపుతున్నాడు."

ఏసుపాదం గురువుగారి వంక చూశాడు. వీధి చివర నుంచి ఉరిమితే జీపు టైర్లలో గాలి దిగిపోయే గొంతు ఆయనది. ఆ రోజు గుసగుసగా మాత్రమే మాట్లాడారు. వీరరాఘవమ్మ గేదె పాలు ఒక గిన్నెడు తెమ్మన్నారు. వాగు అవతల మేతకు దిగిన పైఊరి మందలోంచి, వరహాలు కొట్టు మొహం ఎరగని ఆవు పాలు ఒక గిన్నెడు తెప్పించారు. రెండూ ఒకే పొయ్యి మీద, అందరి కళ్ల ముందూ కాగి చల్లారాయి. తను తెచ్చిన పెరుగు మధ్యన పెట్టారు.

"చుక్కమ్మా, ఆవు పాలు నీవి. ఏసూ, గేదె పాలు నీవి. తోడు మా ఇంటిది."

"నా వల్ల కాదు బాబూ. మీ ఇంటి తోడు కూడా చచ్చిపోతుంది."

"ఎలాగూ రేపు ఊరు దాటిస్తున్నారు కదమ్మా. ఇంకేం పోతుంది?"

చుక్కమ్మ గుడ్డ విప్పుతుంటే జనం వెనక్కి జరిగారు. వేళ్లు పాలిపోయి, ముడతలు పడి, ఎన్నాళ్లో నీళ్లలో నానినట్టున్నాయి. చిటికెన వేలు ముంచింది. చెంచాడు కలిపింది. ఏసుపాదం కూడా తన గిన్నెలో అలాగే వేలు ముంచి, అలాగే కలిపాడు. మావుళ్ళయ్య గారు శాంపిలు కట్టే పద్ధతిలో రెండు గిన్నెలకూ గుడ్డ బిగించి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేశారు. ఇద్దరు సాక్షుల చేత చీటీ మీద సంతకాలు పెట్టించి గిన్నెలను చుక్కమ్మ వసారాలో ఉంచారు. ఆయన వేసిన ముద్రను విప్పాలని చూసిన చీమలు కూడా చీటీ మీద సంతకం పెట్టి వెనక్కి పోవలసిందే.

శుక్రవారం తెల్లవారింది. కవ్వం మోగలేదు. ఎవరూ పిలవకుండానే ఊరంతా వచ్చి వసారా ముందు నిలబడింది. గడప లోపల చుక్కమ్మ రెండు చీరలూ ఒక చెంబూ మూట కట్టుకుని సిద్ధంగా ఉంది.

మావుళ్ళయ్య గారు మొదటి ముద్ర చిదిపారు. ఆవు పాల గిన్నెను అందరికీ చూపించి, తలకిందులుగా బోర్లించారు. చుక్క రాలలేదు. గిన్నెకి అతుక్కుని గట్టి పెరుగు. రెండోది తెరిచారు. ఏసుపాదం గిన్నె. నిన్న సాయంత్రం పోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి పాలు, తెల్లగా, కదలకుండా.

ఇప్పుడు అందరికీ తెలిసిపోయిందనుకుని ఏసుపాదం నోరు తెరవబోయాడు. అంతలో గమనించాడు. వాళ్లు పాల వంక చూడటం లేదు. అతని కుడిచెయ్యి వంక చూస్తున్నారు. ముందు వరసలో ఒకామె చంటిబిడ్డ మొహాన్ని పమిటతో కప్పేసింది. ఒకరి తర్వాత ఒకరు అడుగు వెనక్కి వేశారు. అతని చుట్టూ నేల ఖాళీ అయిపోయింది.

"చెయ్యి ఈయనది," అంది వీరరాఘవమ్మ, గొంతు తగ్గించి. "నెల క్రితం వచ్చాడు. వరహాలు కొట్లో పెట్టెలన్నీ ఈ చేత్తోనే ముట్టుకున్నాడు. జబ్బు తగ్గించే మందు కాస్తా ఇలా అయింది."

చదువుకున్నవాడే ఏసుపాదం. నవ్వేద్దామనుకున్నాడు. కానీ ఆ నలభై ఇళ్ల చూపుల కింద చిటికెన వేలు చల్లబడింది. మడిచి చూశాడు. ఎవరిదో వేలు మడిచినట్టుంది. తొమ్మిది రోజులు ఆ ముసలిది ఈ చూపుల మధ్యనే కూర్చుంది. గురువుగారి వైపు తిరిగాడు. ఆయన లక్క ముక్కలు ఏరి జేబులో వేసుకుంటున్నారు, ఇటు చూడలేదు.

"అవునమ్మా," అన్నాడు ఏసుపాదం. "నా చెయ్యే."

నేరుగా వరహాలు కొట్టుకి నడిచాడు. జనం దూరంగా వెంట నడిచారు. కొట్టు వెనక చెత్తబుట్టలోంచి నలిగిన కాగితం ఒకటి తీసి, విప్పి, నాలుగు రోజుల మాట పైకి చదివాడు. "నెల క్రితం ఇలాంటి కాగితాన్నే ఈ చేత్తో తీశాను. చదివి మళ్లీ బుట్టలో పడేశాను. ఇది మీ చేతుల్లో ఉండుంటే ఆ పాలు ఎవరూ తోడుపెట్టేవారు కారు."

"అదేంటి సార్!" వరహాలు కౌంటరు దూకి వచ్చాడు. "ఫర్వాలేదులే, మళ్లీ చేయకు అని మీరే కదా అన్నారు!"

"అన్నాను," అన్నాడు ఏసుపాదం. ట్యూబులన్నీ మూట కట్టి ముద్ర వేశాడు. అమ్మకం ఆపమని రాసి చేతికిచ్చాడు. ఆ పాలు నాలుగు రోజులు పారబోసి, అయిదో రోజు తోడుపెట్టి చూసుకోమని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పదో ఇంటికి వచ్చేసరికి జనం దూరం తగ్గింది. ఇరవయ్యో ఇంట్లో ఎవరో మంచినీళ్లిచ్చారు.

"అయితే చుక్కమ్మ..." అన్నాడొక పెద్దమనిషి. ఆ మాటను ఎవరూ పూర్తి చేయలేదు. వేపమండలు ఎప్పుడు ఎవరు పీకేశారో గానీ గుమ్మం ఖాళీగా ఉంది. "అత్తా, సోమవారం పోయాక గిన్నెలు తెస్తాంలే," అని వీధిలోంచే ఒక కేక వేసి వెళ్లిపోయింది వీరరాఘవమ్మ.

చుక్కమ్మ తన చేతి పెరుగుని చాలాసేపు చూసింది. మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. తర్వాత పేలిక తీసుకుని, వేళ్ల దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా, ఒక్కో చుట్టూ బిగించుకుంటూ మళ్లీ కట్టుకుంది.

"మామ్మా, చూశావు కదా! నీ చేతికేం కాలేదు. ఇంక తీసెయ్," అన్నాడు ఏసుపాదం.

"నువ్వు చెబుతున్నావు నాయనా. రేపు ఊరూ చెబుతుంది." ఆవిడ ఒళ్లోని చేతిని ఎడమచేత్తో నిమిరింది. "ఇదింకా పలకట్లేదు."

తిరుగుదారిలో మూడు మైళ్లు గడిచాయి. ఏసుపాదం బండి నెమ్మది చేశాడు. "ఈ పూటే రాసి పంపుతాను గురువుగారూ, లైసెన్సు నిలిపివేయమని. నా తప్పు కూడా రాస్తాను. నాలుగు రోజుల్లో ఆ ఊరి పాలు బాగుపడతాయి."

"పాల సంగతి సరే," అన్నారు మావుళ్ళయ్య గారు వెనక నుంచి. "ఆ చేతికి ఎన్ని రోజులోయ్?"