ఉడుకునీళ్ళ గోలెం

కామేశానికి కాషాయం కావాలి. గుర్రాలమెట్ట మీది ఆశ్రమానికి వచ్చిన నాటి నుంచీ అతనికి అదే ధ్యాస. గురువుగారు పూర్ణబోధస్వామి మాత్రం ఆ మాటెత్తితే చాలు, "చూద్దాంలే నాయనా" అని దాటవేసేవారు. పెళ్ళికొడుకు కూడా ముహూర్తం కోసం ఇంత తొందరపడడని తోటి శిష్యులు ఆటపట్టించేవారు. కామేశం మూతి ముడుచుకుని జపమాల అందుకునేవాడు.

ఇలా ఉండగా, విశాఖపట్నంలో హోటలు ఎత్తేసిన భక్తుడొకాయన ఆశ్రమానికి లారీలో ఓ వింత వస్తువు పంపాడు. నడుమెత్తున గుండ్రటి తొట్టి, లోపల చుట్టూ కూర్చోవడానికి అరుగు. దానికో మోటారు, నీళ్ళు వడగట్టే జల్లెడ, కాచే పెట్టె. హాట్ టబ్ అంటారట. కొండ కింద పాలెం జనం వచ్చి దాన్నోసారి చూసి "ఉడుకునీళ్ళ గోలెం" అన్నారు. ఇక ఆ పేరే ఖాయమైపోయింది.

గురువుగారు గోలేన్ని రేకుల పందిరి కింద పెట్టించారు. జీడితోటల్లో వంగి వంగి నడుములు పట్టేసినవాళ్ళనీ, మోకాళ్ళు అరిగిపోయినవాళ్ళనీ వచ్చి కాసేపు కూర్చోమన్నారు. తర్వాత కామేశాన్ని పిలిచారు.

"ఒరే కామేశం, ఇక నుంచి ఈ నీళ్ళు నీవి. దిగినవాళ్ళు నీళ్ళు బాగున్నాయనాలి. అప్పుడు నీ కాషాయం సంగతి చూద్దాం."

కొండ మీద అన్న మాట కొండ కిందికి దిగడానికి ఎంతసేపు? పొద్దుగూకేసరికి పాలెం అంతటికీ తెలిసిపోయింది.

నీళ్ళు కాచడం పెద్ద విద్యేం కాదు. వాటిని బాగుంచుకోవడమే విద్య. నలుగురు దిగిన వేడినీళ్ళు ఇట్టే పాడవుతాయి. క్రిములు చావడానికి క్లోరిన్ పొడి వెయ్యాలి. నీళ్ళలో పులుపు గుణం పెరిగితే సోడా వెయ్యాలి, క్షార గుణం పెరిగితే యాసిడ్ చుక్కలు వెయ్యాలి. ఏది ఎక్కువైనా ఒంటికి పడదు. అది చూసుకోవడానికి తొట్టితోపాటు సన్నటి కాగితం ముక్కలు వచ్చాయి. నీళ్ళలో ముంచితే రంగు మారి సంగతి చెబుతాయి. కామేశం వాటిని విభూతి పొట్లంలా రొంటిన దోపుకుని తిరిగాడు.

మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. చిక్కల్లా నువ్వుల నూనెతో వచ్చింది. పాలెం వాళ్ళకు వేడినీళ్ళ స్నానమంటే తలంటే. ఒళ్ళంతా నూనె మర్దించుకుని, సున్నిపిండి రాసుకుని దర్జాగా వచ్చి దిగేవారు. మర్నాటికి నీళ్ళ మీద నురగ కట్టింది. అడుగు కనబడక కుడితి గోలెంలా తయారైంది. కామేశానికి అందులో తన కాషాయమే మునిగిపోతున్నట్టనిపించింది.

బావి దగ్గర ఒళ్ళు కడుక్కుని మరీ దిగాలని కట్టడి పెట్టాడు. పాపం, కడుక్కునేవాళ్ళు. కానీ పుట్టిన దగ్గర్నుంచీ ఒంట్లో ఇంకిన నూనె రెండు చెంబుల నీళ్ళకు పోతుందా? అప్పుడు కామేశానికో ఉపాయం తట్టింది. జిడ్డు గిన్నెకి సోడా, మురికి గుడ్డకి సోడా. మరి జిడ్డు నీళ్ళకు మాత్రం సోడా ఎందుకు కాదు? ఒక గుప్పెడు వేశాడు.

ఇంతలో వానలు పట్టుకుని పట్నం దారి తెగింది. కాగితం ముక్కలు అయిపోయాయి. "నీళ్ళు కంటికి కనబడుతుంటే కాగితాలెందుకు?" అనుకున్నాడు. ఎవరు దిగి లేచినా వాళ్ళ వెనకాలే ఓ గుప్పెడు సోడా పడేది. తొట్టి అడుగున మరమేకుల తలకాయలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత తేటగా ఉండేవి నీళ్ళు. తను మాత్రం అందులో బొటనవేలైనా ముంచలేదు. కాబోయే సన్యాసి పదిమంది దిగిన నీళ్ళలో దిగుతాడా?

సాయంత్రం కాగానే మాత్రం పందిరి కింద నిలబడి అడిగేవాడు. "నీళ్ళెలా ఉన్నాయి?"

"బాగున్నాయి సిన్నసామీ, శానా బాగున్నాయి" అనేవారు అందరూ.

రానురాను జనం పలచబడ్డారు. ఒకరికి జ్వరమన్నారు, ఒకరి ఆవు ఈనిందన్నారు. కామేశం అదీ మంచిదే అనుకున్నాడు. మనుషులు తగ్గితే మురికీ తగ్గుతుంది.

శ్రావణ శుక్రవారం పొద్దున అతను గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అందరూ నీళ్ళు బాగున్నాయంటున్నారు గురువుగారూ. ఒక్కళ్ళు కూడా వంక పెట్టలేదు."

"ఒక్కళ్ళు కూడానా?" అన్నారు గురువుగారు. "అయితే పద, చూద్దాం."

ఆ వేళకు పందిరి కింద ఇద్దరే ఉన్నారు, పైడమ్మా, ఆవిడ మొగుడూ. ఆయన జీడితోట కాపలాదారు, పేరు సన్యాసి. గురువుగారికి ఆయనంటే మహా ఇష్టం. "ఈయన్ని చూడరా, పేరుతోనే సన్యాసి. ఆలి, ఆరుగురు పిల్లలు, ఏ అడ్డూ రాలేదు" అని కామేశాన్ని ఏడిపిస్తుండేవారు.

శుక్రవారమని పైడమ్మ కాళ్ళకు నిండుగా పసుపు రాసుకుంది. బావి దగ్గర కడుక్కుంది కానీ, ముదురు పసుపు అంత తేలిగ్గా పోదు. తొట్టి అంచున కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తి, కాళ్ళు నీళ్ళలో పెట్టింది. పెట్టేటప్పుడు ఆవిడ పళ్ళ బిగువున ఊపిరి బిగపట్టడం గురువుగారు చూశారు. కామేశం చూడలేదు. అతను నీళ్ళను చూసి మురిసిపోతున్నాడు.

కాసేపటికి ఆవిడ కాళ్ళు పైకి తీసింది. పాదాలు ఎర్రగా ఉన్నాయి. పెళ్ళిపీటల మీద పెట్టే పారాణి ఎరుపు.

"ఒలమ్మో!" అంది పైడమ్మ.

సన్యాసి వంగి చూసి బోసినోటితో నవ్వాడు. "ఇదేటే, మల్లీ పెల్లికూతురివయిపోనావు! సిగ్గు కూడా పడుతున్నావే!"

"ఊరుకోండి, సాములోరున్నారు" అంటూ ఆవిడ పాదాలు చీరలో దాచుకుంది. నిజంగానే సిగ్గుపడింది.

కామేశం మాత్రం నవ్వలేదు. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని తెలియని తెలుగింటి పిల్లాడుంటాడా? సున్నమైనా సోడా అయినా ఘాటు ఒకటే. ఆ ఘాటులో ఈవిడ ఇన్నాళ్ళూ కూర్చుంటోంది.

"అమ్మా, నీళ్ళు మండట్లేదా?" అన్నాడు.

పైడమ్మ మొగుడి వంక చూసింది. మొగుడు పందిరి వంక చూశాడు. "బాగున్నాయి బాబూ. శానా బాగున్నాయి" అంది.

గురువుగారు వచ్చి కామేశం భుజం మీది కండువా తీసి గుంజకు వేశారు. తొట్టి వైపు చూపించారు.

"దిగు."

కామేశం దిగాడు. మెడ దాకా కూర్చున్నాడు. ముందు వెచ్చగా హాయిగానే ఉంది. ఆ తర్వాత మొదలైంది. చంకల్లో, మెడ మడతల్లో, పొద్దున గడ్డం గీసుకున్నచోట చీమలు కుట్టినట్టు సుర్రుమంది. గోక్కోవడానికి చెయ్యెత్తి, గురువుగారి ముందని దించేశాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మీరు?" అన్నాడు ఏడుపు గొంతుతో.

సన్యాసి తల గోక్కున్నాడు. "ఎలా సెప్తాం సిన్నసామీ? బాగునేవంటే నీ కాసాయం ఆగిపోద్ది కదా. ఊరంతా అనుకున్నాం, ఎవలూ నోరిప్పకూడదని. ఓర్సుకున్నోలు వొచ్చినారు, ఓర్సుకోనేనోలు మానీసినారు. అంతే."

"నువ్వు తిండి మానీసి ఆ గోలెం కాడే తిరిగీవోడివి" అంది పైడమ్మ. "సూడనేకపోయీదాన్ని. ఓ నాలుగు దినాలు మండితే ఏటైపోతాది నాయనా?"

కామేశానికి అప్పుడర్థమైంది. తను వీళ్ళ జిడ్డు చూసి చీదరించుకున్నాడు. వీళ్ళు తన మీది ప్రేమకొద్దీ తోలు మండబెట్టుకున్నారు. కళ్ళ నీళ్ళు మాత్రం సోడా ఘాటుకే వచ్చాయని కామేశం ఇప్పటికీ అంటాడు. అననివ్వండి.

ఆ రోజే గోలెం ఖాళీ చేశాడు. బురదలో నడిచి పట్నం వెళ్ళి కాగితం ముక్కలు తెచ్చుకున్నాడు. తొట్టంతా తోమి, జల్లెడ విప్పి కడిగి, బావి నీళ్ళు తోడి నింపాడు. కాగితం ముంచి చూశాడు. ముందు తనే దిగి కూర్చుని చూసుకున్నాడు. అప్పుడు పాలేనికి కబురు పంపాడు.

అందరూ వచ్చారు. జ్వరమన్నవాళ్ళూ, ఆవు ఈనిందన్నవాళ్ళూ కూడా. గురువుగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు.

"నీళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు కామేశం.

"బాగున్నాయి సిన్నసామీ" అన్నారు అందరూ, ఒక్క గొంతుతో.

కామేశం తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "కాషాయం మాట వదిలెయ్యండమ్మా. వస్తే వస్తుంది, లేకపోతే లేదు. మీ ఒంటికెలా ఉందో అది చెప్పండి."

పైడమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"కోప్పడవు కదా?"

"పడను."

"మెడ కాడ ఇంకా సిటికెడు సుర్రుమంటన్నాది బాబూ. బాగునేవు."

అంతే, గేటు తెరిచినట్టయింది. "ఏడి కూడా ఎక్కువే. పులుసులో ముక్కలా ఉడుకుతున్నాను" అన్నాడు సన్యాసి. "ఆ మందు వోసనకి నాకు తలతిరుగుడు" అంది ఇంకొకావిడ. జల్లెడ దగ్గర కూర్చున్న ముసలాయన, నీళ్ళు అక్కడ ఓ రకంగానూ ఇక్కడ ఓ రకంగానూ ఉన్నాయని తేల్చాడు. ఇన్నాళ్ళ బాకీ అంతా ఒక్కసారే తీర్చుకున్నారు. కామేశం ఒక్కో మాటకీ తలూపి, వేడి తగ్గించి, చన్నీళ్ళ కోసం రెండు బకెట్లు పట్టుకుని బావి వైపు పరుగెత్తాడు.

"ఒరే కామేశం!" గురువుగారు అరుగు మీంచి పిలిచారు. "రేపు తెల్లవారకముందే తలస్నానం చేసి రా. నీ కాషాయం ఉతికి ఆరేయించాను."

కామేశం బకెట్లతో అలాగే నిలబడిపోయాడు. "అదేమిటి గురువుగారూ? నీళ్ళు బాగులేవన్నారు కదా?"

గురువుగారు నవ్వారు.

"అన్నారు కదా!"