నూకాలు బండ దాకా

ఇది ఎప్పటి మాటో నన్నడక్కండి. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పింది, మా అవ్వ నాకు చెప్పింది. ఊఁ కొడితే కథ సాగుతుంది, నిద్రపోతే నా తప్పు కాదు.

అనగనగా చెరుకు పండే ఊరు. బెల్లం వండే ఊరు. ఆ ఊళ్లో తల నెరిసిందంటే కాలు కింద పెట్టనిచ్చేవారు కాదు. నీళ్లు మంచం దగ్గరకే. అన్నం మంచం దగ్గరకే. పొయ్యి మీంచి దిగిన వేడి బెల్లం ముద్దా మంచం దగ్గరకే. పెద్దలకు అదీ మర్యాద. పాపం, ప్రేమే. కానీ ఆ మంచాల మీదే ఒకాయన కాలి పుండు మానక చనిపోయాడు. ఒకావిడకు చూపు పోయింది. మూడో మంచం గౌరినాయుడిది.

నాయుడికి అంబలి పోసేది నూకాలు. కరువులో కట్టుబట్టలతో వచ్చిన మనిషి. కొండకింద బండ పక్కన గుడిసెకు చోటిచ్చింది నాయుడే. అప్పట్నుంచి చోడి అంబలి, అదే రాగి జావ, కాచి కుండ నెత్తిన పెట్టుకొని ఊరంతా తిరిగి అమ్మేది. తొలి ముంత మాత్రం నాయుడికే. ఆయన అందులో ఇంత బెల్లం కలుపుకొని తాగేవాడు.

ఒకనాడు ఆయన ఉచ్చ పోసిన చోట చీమలు బారులు కట్టడం చూసింది. ఇదివరకు మొదటి మంచం దగ్గరా చూసింది, రెండో మంచం దగ్గరా చూసింది. ఆ ఇద్దరికీ వచ్చిన తీపి రోగమే ఇదీ అనుకుంది. బెల్లం మానెయ్యమంది. నవ్వాడు. లేచి నాలుగడుగులు వెయ్యమంది. నవ్వాడు. కాళ్లు పట్టుకొని ఏడ్చింది. అప్పుడూ నవ్వాడు, ఈ వయసులో నాకెందుకే ఆ పాట్లని.

మర్నాడు అంబలి రాలేదు. నూకాలుకు కాళ్లు పడిపోయాయని కబురొచ్చింది. నాయుడు చేతికర్ర వెతుక్కున్నాడు. కొడుకులు బండి కడతామన్నారు. ఇన్నాళ్లూ అది నాకోసం నడిచింది, ఒక్కరోజు నేను నడవలేనా అన్నాడు. దారిలో మూడుచోట్ల కూలబడ్డాడు. రొప్పుకుంటూ చేరాడు.

నూకాలు గుమ్మంలో చతికిలబడి ఉంది.

"బావూ, అమ్మోరికి మొక్కుకున్నాను. నా కాళ్లు వచ్చీదాకా నువ్వు బెల్లం ముట్టవని. రోజూ నడిచొచ్చి ఈ బండ కాడ నా సేతి అంబలి తాగుతావని. ఏటంతావు?"

నీ మొక్కుకు నా బెల్లమేమిటే అని గొణిగాడు నాయుడు. గొణిగినా, మొక్కు మొక్కే కదా. తప్పితే ఆమె కాళ్లు రావు.

రోజూ నడిచాడు. ఉత్త అంబలే తాగాడు. ముందు మూడుచోట్ల కూర్చునేవాడు, తర్వాత ఒక్కచోట, ఆ తర్వాత ఎక్కడా కూర్చోలేదు. చీమలు రావడం మానేశాయి. ఆయన్ని చూసి మిగతా ముసలాళ్లూ బయల్దేరారు. నూకాలు మాత్రం గుమ్మం దాటలేదు. సంతకు రాలేదు, అమ్మోరి పండక్కి రాలేదు. అలా ఏళ్లు గడిచాయి.

ఒక పొద్దున నూకాలు కన్నుమూసింది. నీళ్లు పొయ్యడానికి వచ్చిన ఆడవాళ్లు ఆమె కాళ్లు చూసి నోరు నొక్కుకున్నారు. అరికాళ్లకు కొండ ఎర్రమట్టి. మడమలో పచ్చి ముల్లు. గుడిసె వెనక కొండెక్కే కాలిబాట అరిగి నున్నగా ఉంది. ఊరు లేవకముందే కొండెక్కి ఆకుకూర కోసుకొచ్చేదన్నమాట. ఆ కాళ్లకు ఏనాడూ ఏమీ కాలేదు.

నాయుడు నేల మీద కూర్చున్నాడు. ఆ ముల్లు తన చేత్తోనే తీశాడు.

"నన్ను నడిపించడానికి నువ్వు కూకుండిపోనావా తల్లీ" అన్నాడు.

కాళ్లు బాగానే ఉన్నాయిగా, మొక్కు తీరిపోయింది, ఇక తినమని ఎవరో బెల్లం ముద్ద ఇచ్చారు. ఆయన దాన్ని బండ మీద పెట్టి, దణ్ణం పెట్టి, నడిచి ఇంటికెళ్లాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో కొత్త బెల్లం దిగితే తొలి ముద్ద ఆ బండకే. తల నెరిసినవాళ్లే నడిచి పట్టుకెళ్లాలి. తాత మంచం మీంచి నీళ్లు తెమ్మని కేకేస్తే మనవలు కదలరు. "కాళ్లు పడిపోనాయి తాతా, నువ్వే రా" అంటారు. తాత కోప్పడడు. నూకాలును తలుచుకొని లేస్తాడు.