జగ్గారావు బండి మైలేజీ

తవిటయ్యగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాంలే నాయనా" అనేవారు. అడిగినవాడు ఆ సంగతి మరిచిపోయాక, ఏదో పనిలో ఉండగా ఎప్పుడో ఆ జవాబు ఎదురుపడేది. నర్సీపట్నం అవతల ఒక జీడితోటలో ఆయన తత్త్వాలు చెప్పే పాక ఉండేది. ఆదివారాలు పదిమందీ అక్కడ చేరేవారు. వారిలో కరెంటు ఆఫీసు ఇంజనీరు జగ్గారావు ఒకడు. అతను ఒకనాడు లేచి నిలబడి, "గురువుగారూ, పొదుపు ఎక్కడ ఆగుతుంది, పిసినారితనం ఎక్కడ మొదలవుతుంది?" అని అడిగాడు. ఎందుకడిగాడో అందరికీ తెలుసు గనక పాకంతా గొల్లున నవ్వింది. గురువుగారు కూడా నవ్వి, చూద్దాంలే అన్నారు.

సంగతేమిటంటే, జగ్గారావు ఆమధ్యనే ఒక చిన్న ఎస్‌యూవీ కొన్నాడు. మామూలుగా దాన్ని రెండు చక్రాలే లాగుతాయి. బురదో, రాళ్ల ఎత్తో, వాగో గెడ్డో అడ్డొస్తే మీట వెయ్యాలి, అప్పుడు నాలుగు చక్రాలూ లాగుతాయి. కొండల్లో తిరగడం సరదా గనక ఏరికోరి ఆ బండే కొన్నాడు. కొన్నాడు గానీ, ఆ మీట మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు. నాలుగు చక్రాలూ లాగితే పెట్రోలు ఎక్కువ తాగుతుందట! స్టీరింగు వెనక చిన్న తెరమీద లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వస్తోందో ఎప్పటికప్పుడు అంకె కనబడుతూ ఉంటుంది. మనవాడి కళ్లు రోడ్డుమీద కన్నా దానిమీదే ఎక్కువ. ఏసీ వెయ్యడు. బరువని వెనక ఉన్న సామానంతా ఇంట్లో దింపేశాడు. రైలు గేటు పడితే చాలు, ఇంజను ఆపేస్తాడు. ఆఖరికి భార్య చేత ఊరగాయ జాడీ కూడా దింపించాడని చెప్పుకుని నవ్వేవారు. పాపం, చెడ్డవాడు కాడు. ఎవరు అడిగినా బండి తెచ్చేవాడు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. ఆ అంకె పిచ్చి ఒక్కటే.

ఇలా ఉండగా ఒకరోజు తెల్లవారుతూనే గురువుగారికి కొండమీది గుమ్మలవలస నుంచి ఫోను వచ్చింది. చేసింది నూకరత్నం. ఆవిడ తండ్రి గౌరునాయుడు, గురువుగారు ఒకే గురువు దగ్గర తత్త్వాలు నేర్చుకున్నవాళ్లు, కుర్రతనం నుంచి జంటగా పాడినవాళ్లు. గౌరునాయుడికి కొంతకాలంగా మతిమరుపు జబ్బు. కన్నకూతుర్నే పోల్చుకోవడం లేదు. అలాంటి మనిషి ఆ పొద్దున లేస్తూనే, "తవిటిగాడు ఏడే? రమ్మను" అన్నాడట. "వెంటనే బయల్దేరండి చిన్నాన్నా. ఎప్పుడైనా కాస్త తెలివొచ్చిందంటే పొద్దుటిపూటే. ఎండెక్కితే మళ్లీ మనిషి మనిషి కాడు" అందావిడ.

జగ్గారావు పిలిచిందే తడవుగా వచ్చాడు. గురువుగారు చిడతలు సంచిలో వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. ఫోను సంగతి అంతా చెప్పి, "ఎండెక్కకముందే చేరాలి నాయనా" అన్నారు. ఆయన గొంతులో అంత ఆత్రం జగ్గారావు ఎన్నడూ వినలేదు. "అదెంత పని గురువుగారూ!" అన్నాడు. అన్నాడే గానీ కాలు అలవాటు మానలేదు. లారీలు, ఆటోలు దాటిపోతున్నాయి. ఇంకొంచెం తొక్కితే అంకె పడిపోతుందని బండి తన నడకన తాను పోతోంది.

కొండ మొదట్లో దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు గెడ్డ దారి. రాళ్లమీదుగా గెడ్డ దాటి ఎత్తెక్కితే ఊరు అక్కడే. కుడివైపు తారురోడ్డు, కొండని సగం చుట్టి గాని చేరదు.

"గెడ్డ దారినే పోనీ నాయనా. నేనెప్పుడూ అటే వెళ్తాను, దగ్గర" అన్నారు గురువుగారు.

"గెడ్డలో దిగితే మీట వెయ్యాలి గురువుగారూ. ఇందాకటినుంచి తెచ్చిన మైలేజీ అంతా గంగపాలవుతుంది. తారురోడ్డు చుట్టే గానీ బండి హాయిగా పోతుంది. ఎంతసేపండీ, ఇట్టే చేరిపోతాం" అన్నాడు జగ్గారావు, బండిని కుడికి తిప్పుతూ.

ఒకరి బండిలో కూర్చుని తొందరపెట్టడం గురువుగారికి మొదటినుంచీ చేతకాదు. ఆ ఒక్కనాడు చేతనయి ఉంటే ఎంత బాగుండేది!

తమాషా ఏమిటంటే, చుట్టు తిరిగినందుకు పెట్రోలు ఎక్కువే ఖర్చయింది. ఆ సంగతి జగ్గారావుకి తోచలేదు. నున్నటి రోడ్డుమీద అంకె మాత్రం పైకి పాకుతూ వచ్చింది. ఎన్నడూ చూడని అంకె కనబడేసరికి పట్టలేక, "చూశారా గురువుగారూ!" అన్నాడు. గురువుగారు కొండమీద పడుతున్న ఎండకేసి చూస్తున్నారు.

వాళ్లు చేరేసరికి గౌరునాయుడు అరుగుమీద ఉన్నాడు. ఉతికిన పంచె, నుదుట విభూది. గురువుగారు దగ్గరికి వెళ్లి నిలబడితే తలెత్తి చూసి చేతులు జోడించాడు.

"తమరెవరు బాబూ? మా తవిటిగాడు వస్తాడని చూస్తన్నాను. దార్లో ఏటైనా అగుపడ్డాడా?"

గురువుగారు అతని పక్కనే అరుగుమీద కూర్చుని, "అగుపడ్డాడు. వస్తన్నాడు. చుట్టూ తిరిగి వస్తన్నాడు" అన్నారు.

"ఆడికి గెడ్డ దారి తెలుసు కదా! సుట్టెందుకూ?" అన్నాడు గౌరునాయుడు.

జగ్గారావు తల తిప్పుకుంటే గుమ్మంలో నూకరత్నం కనబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. "పొద్దున్నే తానం చేసి, పంచె మార్పించుకుని ఇక్కడ కూకున్నారండి" అంది అతనితో, చిన్న గొంతుతో. "గెడ్డకేసి చూసుకుంటా తత్త్వం ఒక చరణం పాడారు. ఎన్నాళ్లయిందో ఆ పాట విని! రెండోది పాడు నాన్నా అంటే, అది తవిటిగాడొచ్చాక అన్నారు. ఇందాకే, మీరు రావడానికి కొంచెం ముందే, నాకేసి చూసి నువ్వెవరమ్మా అన్నారండి." ఇంకేదో అనబోయి, వచ్చినవాళ్లని నొప్పించకూడదని కాబోలు, మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లిపోయింది.

గురువుగారు స్నేహితుడి చెయ్యి తన చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. రెండో చరణం తానే ఎత్తుకున్నారు. గౌరునాయుడు మర్యాదగా విని, బాగుంది బాబూ అన్నాడు. గురువుగారు సంచిలోంచి చిడతలు తియ్యనే లేదు. తవిటి అన్న పేరు గౌరునాయుడి నోట ఇక రాలేదని తర్వాత తెలిసింది.

తిరుగుదారిలో జగ్గారావు ఎవరూ చెప్పకుండానే గెడ్డ దారి పట్టాడు. నీటి ఒడ్డున ఆగి, కొన్నాక మొదటిసారి ఆ మీట వేశాడు. నాలుగు చక్రాలూ రాళ్లని పట్టుకున్నాయి. రెప్పపాటులో బండి అవతలి ఒడ్డున ఉంది. ఇంతేనా? ఇంత దానికా! అతనికి ఏడుపొచ్చింది. తనమీద తనకే వచ్చిన కోపంతో ఇక చూసుకోలేదు. రోడ్డెక్కాక మీట తియ్యలేదు, అంకెకేసి చూడలేదు, కాలికొద్దీ తొక్కాడు. బండి రొప్పుతూ పరుగెత్తింది.

"తాగనీండి గురువుగారూ, ఎంత పెట్రోలు తాగుతుందో తాగనీండి!" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

తవిటయ్యగారు అతని భుజంమీద చెయ్యి వేశారు.

"నెమ్మదిగా పోనీ నాయనా. ఇప్పుడు మనకి తొందరేముంది?"