దొరగారి చేతొడుగులు

ముందువెనకలు తారుమారైతే మన్నించండి, జరిగింది మాత్రం ఇదే.

ఓడెక్కి పరాయి దీవికి వెళ్లి, ఏటి ఇసుక పళ్లెంలో కడిగిన గవరయ్యకు బంగారం దొరికింది. ఆ వెనకే చేతొడుగులు, దీవిని ఏలే సభలో కుర్చీ వచ్చాయి. కూర్చోగానే చట్టం తెచ్చాడు: "వలసొచ్చి ఇసుక కడిగేవాళ్లను ఓడెక్కించి పంపేయండి. పళ్లెం ఒరిసి బొటనవేళ్లు కాయలు కాసుంటాయి, అదే గుర్తు."

ఒకప్పుడు అతని పక్కనే ఇసుక కడిగిన దాలమ్మను బంట్రోతులు సభకు ఈడ్చుకొచ్చారు. ఓడెక్కి వెనక్కి పోతే ఆమెకు సొంతూళ్లో తనవాళ్లెవరూ లేరు.

"దొరగారూ, ఇది పళ్లెం కాయో, రోకలి కాయో వీళ్లకేం తెలుసు? గుర్తు చెప్పింది తమరు. ఒక్కసారి ఆ తొడుగు తీసి, అసలు కాయ ఎక్కడుంటుందో చూపించండి బాబూ!" అంది దాలమ్మ.

సభంతా అతని చేతులకేసి చూసింది. అవి మెల్లగా జేబుల్లోకి పోయాయి.

"రోకలి కాయే! వదిలెయ్యండి," అన్నాడు గవరయ్య.

ఆ తర్వాత దీవిలో అందరివీ రోకలి కాయలే అయ్యాయి.

ఇది రాసుకుంటున్న అమ్మాయ్, గవరయ్యో గౌరయ్యో, పేర్లు ఓసారి సరిచూడు.