ఐదు స్వరాల పాట

ఇది చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టి వినడం మొదలెట్టినా, పొంగేలోపు అయిపోతుంది. దస్తగిరి తన గురువు దగ్గర సెలవు తీసుకోవడానికి వెళ్ళాడు. గురువు తన టోపీ తీసి వాడి నెత్తిన పెట్టాడు. అంతే.

అయితే టోపీ సంగతి తెలియాలంటే మెమరీ కార్డు సంగతి తెలియాలి. కార్డు సంగతి చెప్పాలంటే సెల్ షాపు సుబ్బారాయుణ్ణి దాటుకుని పోవడం కుదరదు. పాలు దించేసుకోవడం మంచిది.

సుబ్బారాయుడు బొల్లవరం సెంటర్లో సెల్ ఫోన్లు బాగుచేస్తాడు. బాగుచేస్తాడని బోర్డు మీద ఉంది. బాగైన ఫోను చూసినవాళ్ళు మాత్రం ఇంకా ఎవరూ బయటికి రాలేదు. కానీ కార్డుల్లోకి పాటలు ఎక్కించడంలో అతనికి మంచి పేరుంది. ట్రాక్టరుకు ఒక రకం, ఆటోకు ఒక రకం, పెద్దకర్మకు ఇంకో రకం. ఒకసారి ఆటోదీ పెద్దకర్మదీ తారుమారై, ఒక పెద్దకర్మ భోజనాలు మహా హుషారుగా జరిగాయి. పోయినాయన బంధువులు ఇప్పటికీ ఆ భోజనాల గురించే చెప్పుకుంటారు.

ఆ సుబ్బారాయుడి దగ్గరికి దస్తగిరి తన ఫోను పట్టుకుని వచ్చాడు.

దస్తగిరి కాశిం మాస్టారి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మాస్టారు నేర్పిందే. చేరి ఏడేళ్ళయింది. ఆ బ్యాండులో పదకొండు మంది, పదకొండు ఎర్రకోట్లు, మొత్తం మీద నలభై గుండీలు. చుట్టుపక్కల పెళ్ళి పెట్టుకునేవాళ్ళు ముందు మాస్టారికి ఏ రోజు ఖాళీయో కనుక్కుని, తర్వాత పంతులుగారి దగ్గరికి వెళ్ళి ఆ రోజునే మంచి ముహూర్తం ఉందని చెప్పించుకుంటారు.

ఐదేళ్ళుగా దస్తగిరి ప్రతి పెళ్ళిలో ఫోను జేబులో పెట్టుకుని పాటలు రికార్డు చేశాడు. వాటిలోంచి పన్నెండు ఏరాడు. జనం ఈలలు వేసేవి, ముసలాళ్ళు కూడా భుజం కదిపేవి. సుబ్బారాయుడు వాటిని కార్డులోకి ఎక్కించి ‘కాశిం బ్యాండు ఆణిముత్యాలు’ అని చీటీ అంటించాడు. రెండు నెలల్లో ఆ కార్డు లేని ఆటో లేదు. పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు నరసింహంగారు, బ్యాండు వీధిలోకి వస్తే కిటికీలు మూసే మనిషి, ఆయన కూడా ఒకటి కొన్నారు. విని, "కాశిం బ్యాండు అంటే ఏమిటో తెలియడానికి ఇది చాలు. ఎండలో నిలబడక్కర్లేదు" అని తేల్చారు.

మాస్టారూ ఒకటి అడిగి తీసుకున్నాడు. పొద్దున్నే టీ తాగుతూ వింటాడు. "బాగా ఏరావురా" అన్నాడు దస్తగిరితో. ఆయన అలా మెచ్చుకోవడం ఏడేళ్ళలో అది రెండోసారి. మొదటిసారి మెచ్చుకున్నది వంకాయల్ని.

ఆ కార్డే ఒంగోలు నుంచి ఒక పెళ్ళిళ్ళ కాంట్రాక్టరును బొల్లవరం రప్పించింది. ఆటోలో విన్నాట్ట. కొత్త బ్యాండు పెడుతున్నాననీ, కొత్త కోట్లు కుట్టించాననీ, దస్తగిరి ముందు నడిచి నడిపించాలనీ అన్నాడు. "మాకు ఆ పన్నెండు చాలు. మిగతావి మీ పల్లెటూళ్ళలోనే ఉంచుకోండి" అన్నాడు.

దస్తగిరికి ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు. వెళ్ళాలని ఉంది. కానీ కాశిం మాస్టారి దగ్గర ఒక పద్ధతి ఉంది. సొంతంగా బ్యాండు నడపడానికి వెళ్ళే శిష్యుడు ఒక పెళ్ళిలో మాస్టారి కుచ్చు టోపీ పెట్టుకుని ముందు నడవాలి. టోపీ పెట్టుకున్నవాడు ఏది ఎత్తుకుంటే బ్యాండు అది వాయిస్తుంది, వాడు ఆపితేనే ఆగుతుంది. పెళ్ళిపందిరి చేరాక మాస్టారు టోపీ వెనక్కి తీసుకుంటే ఇంకా కాలేదని. తీసుకోకపోతే వెళ్ళొచ్చని. ఇప్పటిదాకా ఇద్దరే టోపీతో వెళ్ళారు. ఆ పద్ధతి కాదని వెళ్ళినవాడి ముఖం ఈ పక్క ఊళ్ళలో ఎవరూ చూడరు. దస్తగిరి తల్లి హుస్సేనమ్మ కూడా చూడనని ముందే చెప్పింది.

దస్తగిరి సెలవు అడగడానికి వెళ్ళేసరికి మాస్టారు అరుగు మీద కూర్చుని పాలలో నానేసిన రస్కు తింటున్నాడు. ఆయన ముందుపన్ను ఒకటి మూడు నెలలుగా కదులుతోంది. పీకించుకోమని ఊరు ఊరంతా చెప్పింది. క్లారినెట్ పట్టు నిలిచేది ఆ పైపళ్ళ మీదే, అందుకని ఆయన పీకించుకోలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా. కాబట్టి అందరికీ తెలుసు.

"పన్నెండూ వచ్చేశాయా?" అన్నాడు మాస్టారు.

"కళ్ళు మూసుకుని వాయిస్తాను మాస్టారూ."

"మిగతావి?"

"మిగతావి ఎవరడుగుతున్నారు? రెండు మంచి పాటలు కాగానే మీరు ఆ చప్పిడి పాట ఒకటి ఎత్తుకుంటారు. జనం డాన్సు ఆపేసి నీళ్ళ కోసం చూస్తారు. ఆ ఐదు స్వరాల పాట ఉంది చూడండి, ఎద్దు కుడితి తాగుతున్నట్టు ఉంటుంది. అది మీరు కట్టిందంటే ఎవరైనా నవ్వుతారు. మీ పేరు నిలబడాలనే దాన్ని కార్డులో వెయ్యలేదు."

మాస్టారు నాలుకతో పన్నును ఒకసారి అటు, ఒకసారి ఇటు కదిపాడు.

"ఎల్లుండి ప్రెసిడెంటు గారింట పెళ్ళి. టోపీ నువ్వు పెట్టుకో" అన్నాడు. "నీ పన్నెండే వాయించు. వేరేది వద్దు."

"మరి మీరు?"

"పీరయ్య రాడు, వాళ్ళ మేనకోడలి సీమంతమట. వాడి తాళాలు నేను కొడతాలే."

అని, లోపలికి వెళ్ళి కుచ్చు టోపీ తెచ్చి వాడి నెత్తిన పెట్టి, కొంచెం పక్కకు వంచి చూసి, మళ్ళీ సరిచేసి, రస్కు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇక పాలు చల్లారినా నష్టం లేదు. పెళ్ళి దగ్గరికి వచ్చేశాం.

ప్రెసిడెంటు తిరుపతిరెడ్డి తన కూతురి పెళ్ళికి ఊరంతటినీ పిలిచాడు. పిలవనివాళ్ళు కూడా పిలిచాడనే అనుకుని వచ్చారు. మే నెల, పొద్దున తొమ్మిది. మెయిన్ రోడ్డు దగ్గర పెళ్ళికొడుకు వాళ్ళకు ఎదురువెళ్ళి, అక్కణ్ణుంచి పందిరి దాకా మైలుంపావు దూరం బ్యాండుతో నడిపించి తీసుకురావాలి. దస్తగిరి అందరికన్నా ముందు నిలబడ్డాడు. మాస్టారు టోపీ లేని తెల్లటి తలతో చివరి వరసలో నిలబడి తాళాలు సరిచూసుకున్నాడు.

మొదటి పాటకే పెళ్ళికొడుకు స్నేహితులు రోడ్డు మీద దుమ్ము లేపారు. రెండోదానికి పెళ్ళికొడుకు మేనమామ కండువా నడుముకు కట్టాడు. ఆయనకు నడుంనొప్పి అని పెట్టెలు మొయ్యకుండా తప్పించుకున్నది ఆ పొద్దున్నే. మూడోది, నాలుగోది, ఐదోది. దస్తగిరి మధ్యలో ఊపిరి తీసుకోనివ్వలేదు. ఏరిన పాటలు కదా. ప్రతిదీ ఈలలే. కార్డులో ఉన్నది ఉన్నట్టు రోడ్డు మీదికి దిగింది.

ఆరోది అయింది. ఏడో పాటలో ట్రంపెట్ రావలసిన చోటు ఒకటి ఉంది. ఆ చోటు వచ్చింది. ట్రంపెట్ రాలేదు.

దస్తగిరి వాయిస్తూనే వెనక్కి తిరిగాడు.

బ్యాండు ఫర్లాంగు పొడవునా ఉంది. ట్రంపెట్ వాయించే సైదులు కల్వర్టు గోడ మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతనికి ఒక ఊపిరితిత్తి పనిచెయ్యడం మానేసి, దాని పని కూడా రెండోదాని మీద పడి పదేళ్ళయింది. పెద్ద డ్రమ్ము యోహాను డ్రమ్మును రోడ్డు మీద దించి, దాన్నే పట్టుకుని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. దూరం నుంచి చూస్తే డ్రమ్ముకు దండం పెడుతున్నట్టుంది. ఒకడు కోటు విప్పేశాడు. ఇద్దరు వేపచెట్టు కింద ఉన్నారు. దస్తగిరి వెనకాల మిగిలింది ఒక చిన్న డ్రమ్ము, దాని వెనక మాస్టారు. ఆయన చెమటలు కక్కుతూ, లెక్క తప్పకుండా తాళాలు కొడుతున్నాడు.

దస్తగిరి ఆపాడు. రోడ్డంతా ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది. డాన్సు చేసేవాళ్ళు చేతులు ఎక్కడున్నవి అక్కడే ఉంచి చూశారు.

"ఏం దస్తగిరీ," అన్నాడు ప్రెసిడెంటు, "కార్డు అయిపోయిందా?"

అందరూ నవ్వారు. దస్తగిరి మాస్టారి వైపు చూశాడు.

"ఇంకా ఐదున్నాయి" అన్నాడు మాస్టారు.

దస్తగిరి ఆ ఐదూ మనసులో తిప్పి చూసుకున్నాడు. ఐదింటిలోనూ ట్రంపెట్ గట్టిగా పలకాలి. ఐదింటిలోనూ పెద్ద డ్రమ్ము పరుగెత్తాలి. కల్వర్టు మీద సైదులు ట్రంపెట్ మూతికి పెట్టుకోబోయి, దగ్గి, దించాడు. టోపీ పెట్టుకున్నవాడు ఎత్తుకోకముందే సిద్ధంగా ఉండాలని అతని బాధ.

దస్తగిరి క్లారినెట్ పెదవుల దగ్గర పెట్టుకున్నాడు. వేళ్ళు అన్నిటికన్నా కింది స్వరాలకు దిగి, ఎద్దు కుడితి తాగే పాటను పట్టుకున్నాయి.

ఐదు స్వరాలే. అటు ఐదు, ఇటు ఐదు. డాన్సు చేసేవాళ్ళు చేతులు దించి, చెప్పులు వెతుక్కున్నారు. పెళ్ళికొడుకు మేనమామకు నడుంనొప్పి గుర్తొచ్చింది. ఈ పాటలో ట్రంపెట్ లేదని దస్తగిరి అప్పుడు గమనించాడు. పెద్ద డ్రమ్ము ఎనిమిది అడుగులకు ఒక్క దెబ్బ వేస్తే చాలు. యోహాను ఆ దెబ్బ కొట్టుకుంటూనే నడిచి వచ్చేశాడు. సైదులు లేచి, నీళ్ళు పుక్కిలించి, తీరిగ్గా వచ్చి తన చోట నిలబడ్డాడు. వేపచెట్టు కిందివాళ్ళు వచ్చారు. కోటు విప్పినవాడు తొడుక్కున్నాడు. అందరికన్నా వెనకపడిపోయిన పెళ్ళికొడుకు నాయనమ్మ కూడా చేతికర్రతో వచ్చి వాళ్ళను అందుకుంది. "ఈ పాట బాగుంది నాయనా, నడవనిచ్చింది" అంది.

పాట అయ్యేసరికి అందరూ వరసలో ఉన్నారు. అప్పుడు ఎనిమిదోది ఎత్తుకున్నాడు.

పందిరి దగ్గర దస్తగిరి టోపీ తనే తీసి, రెండు చేతులతో మాస్టారి ముందు పట్టుకున్నాడు. వేరేది వద్దన్నా వాయించాడు. ఒంగోలు అక్కడితో సరి అనుకున్నాడు.

మాస్టారు టోపీ వంక చూడలేదు. "నా సంచిలో పుస్తకం ఉంది, తియ్యి. వక్కల పొట్లం కింద" అన్నాడు.

ఆ పాత పుస్తకం దస్తగిరికి కొత్త కాదు. పాటలన్నీ మాస్టారు అందులోనే రాసి పెట్టుకుంటాడు. దస్తగిరి తిప్పింది ఎప్పుడూ ఆ పన్నెండు పేజీలే. వాటి అడుగున ఏమీ ఉండదు. ఇప్పుడు మిగతావి తిప్పాడు. ప్రతి పాట అడుగునా చిన్న అక్షరాలతో ఒక వరస ఉంది.

‘సైదులుకు. ఆసుపత్రి నుంచి వచ్చాడు. ట్రంపెట్ వద్దు.’

‘యోహానుకు. మోకాళ్ళు.’

‘పీరయ్యకు. భార్య పోయిన నెల. తాళాలు మెల్లగా.’

ఐదు స్వరాల పాట చివరలో ఉంది. సిరా కొంచెం కొత్తది.

‘దస్తగిరికి. పై స్వరాలు ఇంకా పలకడం లేదు. కోటు కుట్టించాం.’

దస్తగిరి ఆ వరస దగ్గరే ఆగిపోయాడు. బ్యాండులో చేరిన మొదటి నెలలో, పై స్వరం ఎత్తితే చాలు క్లారినెట్ కీచుమనే రోజుల్లో, ఒక పెళ్ళికి వాణ్ణీ వరసలో నిలబెట్టారు. వాడు ఎర్రకోటులో ఎలా ఉంటాడో చూడాలని హుస్సేనమ్మ మూడు మైళ్ళు నడిచి వచ్చింది. ఆ రోజు అదృష్టం కొద్దీ తేలికపాట పడింది. అదృష్టం కొద్దీ అని ఏడేళ్ళుగా చెప్పుకుంటున్నాడు.

పుస్తకం మూసి అడిగాడు.

"దీన్ని కార్డులో వెయ్యలేదేమని ఒక్కసారి కూడా అనలేదేం మాస్టారూ?"

"బాగాలేదు కదరా" అన్నాడు మాస్టారు. "అప్పుడు నువ్వూ బాగా వాయించేవాడివి కాదు."

దస్తగిరి చేతిలో టోపీ అలాగే ఉంది.

"మరి టోపీ?"

"పెట్టుకో. ఎండగా ఉంది."

దస్తగిరి వెళ్తాడని సగం ఊరు, వెళ్ళడని సగం ఊరు వారం రోజులు వాదించుకున్నాయి. కాంట్రాక్టరు వస్తే దస్తగిరి, పుస్తకంలో ఇంకా ముప్ఫై నాలుగు పాటలున్నాయి, అవి నేర్చుకుని వస్తానన్నాడు. కాంట్రాక్టరు సరేనని, వెళ్తూ వెళ్తూ సుబ్బారాయుడి దగ్గర ఒక కార్డు కొనుక్కున్నాడు. ఇప్పుడు ఒంగోల్లో పదకొండు మంది కుర్రాళ్ళు కొత్త కోట్లు వేసుకుని, బూరలు మూతికి ఆనించుకుని నడుస్తారు. వెనక వ్యానులో పెద్ద బాక్సు పెట్టి కార్డు వేస్తారు. ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. నరసింహంగారు ఒక పెళ్ళిలో విని, కాశిం బ్యాండు కన్నా వీళ్ళే నయమన్నారు.

మాస్టారి పన్ను శ్రావణంలో ఊడింది. పక్కది కార్తీకంలో. పై స్వరాలు పలకడం లేదు. ముందు దస్తగిరి నడుస్తున్నాడు, టోపీతో. ప్రతి రెండు పాటలకూ ఒకసారి ఆగి, ఐదు స్వరాల పాటకు సైగ చేస్తాడు. అది మాస్టారు వాయిస్తాడు. జనం అప్పుడు నీళ్ళు తాగుతారు.