నీడ ఉన్నవారికే ఆకులు

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎవరైనా లెక్క చెబుతుంటే, అర్థమైనా కాకపోయినా, అర్థమైనట్టే తల ఊపుతూ వింటాను. మా ఇంట్లోవాళ్లు దీన్ని డాబు అంటారు. నేను మర్యాద అంటాను. చెప్పేవాడు అంత కష్టపడి చెబుతుంటే ఎదురుగా తెల్లమొహం వేసుకుని కూచోవడం ఏం పెద్దరికం? బడి గడప తొక్కినవాణ్ణి కాదు. పకోడీ పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని ఇంతవాణ్ణయ్యాను. కాబట్టి ఈ మర్యాద నాకు ఎవరూ నేర్పింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఈ కథలో ఒక సూత్రం ఉంది. దాన్ని కూడా నేను తల ఊపుతూనే విన్నాను.

ఒక రాజ్యంలో ఎండ ఎక్కువ. అక్కడ పిల్లలు చదువుకునే బళ్లన్నీ పందిళ్ల కింద నడిచేవి. పందిళ్లకు కప్పే తాటాకులు ఏటా రాజు పంచేవాడు.

మొదట్లో ఎవరు ఎన్ని అడిగితే అన్ని ఇచ్చేవాడు. అడగడం తెలిసినవాళ్లు బండ్లకొద్దీ తోలుకుపోయారు. తెలియనివాళ్లు ఇంటి దగ్గరే ఉండిపోయారు. ఇది అన్యాయమని రాజుకు తోచింది. ఏడుగురు పండితులను పిలిచి, ఎవరి మొహమూ చూడకుండా పంచే సూత్రం ఒకటి రాయమన్నాడు. ఏడుగురూ చల్లటి మండపంలో ఏడు నెలలు కూచుని రాశారు. దాన్ని రాగిరేకు మీద చెక్కించారు.

సూత్రం ఇది. చదువు నీడలో సాగుతుంది. ఎక్కడ ఎంత నీడ ఉంటే అక్కడ అంత చదువు ఉన్నట్టు. చదువు ఉన్న చోటికే ఆకులు వెళ్లాలి. నీడను మిట్టమధ్యాహ్నమే కొలవాలి, ఎందుకంటే పొద్దున, సాయంత్రం నీడలు సాగిపోయి అబద్ధం చెబుతాయి. మనిషి ఎత్తు కర్ర ఎంత పొడవో అంత పొడవు, అంత వెడల్పు ఉన్న నీడను ఒక చాప అనాలి. చాపకు ఒక మోపు ఆకులు. చాపకు తగ్గితే లెక్కలోకి రాదు.

రాజు రెండుసార్లు చదివించుకుని, "ఇందులో ఎవరి పేరూ లేదు. చాలా బాగుంది," అన్నాడు.

కర్ర పట్టుకుని ఊరూరా తిరిగి కొలవడానికి ఒక ఉద్యోగిని పెట్టారు. ఊళ్లవాళ్లు ఆయన్ని కొలతలాయన అనేవాళ్లు. మంచివాడు. ఎవరి దగ్గరా మజ్జిగ తప్ప ఏమీ పుచ్చుకోడు.

ఆ ఏడు ఆయన మొదట కాలవూరు వెళ్లాడు. అక్కడ కాలవ ఉంది, కాలవ గట్టున వాళ్ల సొంత తాడిచెట్లు ఉన్నాయి. బడి పందిరి ఇంత పొడుగు ఉంది. దాని పక్కన ఇంకో పందిరి ఉంది.

"ఇక్కడ దూడలు కట్టేసి ఉన్నాయే?" అన్నాడు కొలతలాయన.

"అవీ పాఠం వింటున్నాయి," అన్నాడు ఊరి పెద్ద. "చూడండి, చెవులు ఎలా నిక్కబొడిచాయో."

కొలతలాయన చూశాడు. చెవులు నిక్కబొడిచే ఉన్నాయి. రాగిరేకులో చెవుల ప్రస్తావన లేదు, నీడ ప్రస్తావనే ఉంది. కాబట్టి ఆ నీడనూ కొలిచాడు. మొత్తం నలభై చాపలు తేలాయి.

"పోయినేడు ఇరవై ఎనిమిదే కదయ్యా?"

"పోయినేడు మీరిచ్చిన ఆకులు మిగిలితేనే కదా దూడలకు ఈ పందిరి వేసింది," అన్నాడు పెద్ద. "నలభై కూడా చాలదని ఒక ముక్క రాసుకోండి. చదువు పెరుగుతోంది."

కొలతలాయన రాసుకున్నాడు. మజ్జిగ తాగాడు. రాతూరికి బయల్దేరాడు.

రాతూరు పేరుకు తగ్గ ఊరు. అక్కడివాళ్లు రాళ్లు కొట్టి బతుకుతారు. తాడిచెట్టు ఒక్కటి లేదు. రాళ్లకు కొదవ లేదు కాబట్టి బడికి ఒక పొడుగాటి గోడ కట్టుకున్నారు. పొద్దున పూట పిల్లలు గోడకు పడమటి పక్కన నీడలో కూచుంటారు. పొద్దు తిరిగాక పలకలు పట్టుకుని తూర్పు పక్కకు వస్తారు. మధ్యలో, పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు, గోడకు ఏ పక్కా నీడ ఉండదు. ఆ రెండు గంటలూ పంతులమ్మ ఒక గొడుగు వేసుకుని నిలబడుతుంది. ఎవరు బాగా చిన్నపిల్లలో వాళ్లు దాని కిందికి దూరతారు.

కొలతలాయన సరిగ్గా ఆ వేళకు వచ్చాడు. గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు. గొడుగు నీడ మీద కర్ర పెట్టాడు. కర్రే పెద్దది.

"సున్న," అని రాసుకున్నాడు.

"అయ్యా, నీడ లేదనే కదా ఆకులు అడుగుతున్నాం?" అంది పంతులమ్మ.

"నిజమేనమ్మా. కానీ నీడ లేనిచోట ఆకులిస్తే సూత్రానికి వడదెబ్బ తగులుతుంది."

"సూత్రానికి తగలకూడదు, పిల్లలకు తగలొచ్చా? పోయిన వేసవిలో ఒక పిల్లాడు ఇక్కడే పడిపోయాడు. పిల్లల తల్లులందరూ ఒక మాట మీదున్నారు. ఈ ఏడు కప్పు పడకపోతే పిల్లలను బడి మాన్పించి రాళ్ల దగ్గరికి తీసుకుపోతారట."

పక్కనే నిలబడ్డ పోలమ్మ అనే తల్లి అందుకుంది. "అవును బాబూ. ఎండలో ఊరికే మాడేకన్నా రాయి కొడుతూ మాడితే గంజైనా పుడుతుంది."

కొలతలాయన మొహం చిన్నబోయింది. "నాకు జాలేనమ్మా. ఈ కర్రకే లేదు," అన్నాడు. వెళ్లబోతూ ఆగి, ఒక సంగతి చెప్పాడు. కొలత నచ్చని ఊరు తొమ్మిది రోజుల్లోగా ఇంకొక్కసారి కొలిపించుకోవచ్చునని రాగిరేకు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.

ఆ సాయంత్రం ఊరంతా గోడ దగ్గర చేరింది. తొమ్మిది రోజుల్లో తాడిచెట్లు మొలవవని అందరికీ తెలుసు. సన్నెమ్మ అనే ముసలావిడ చాలాసేపు చుట్ట కాల్చింది.

"వాళ్లకు కావాల్సింది నీడే కదా," అంది చివరికి. "మనమేమన్నా గాజుబొమ్మలమా, ఎండ మనలోంచి దూరిపోవడానికి?"

"మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందే ఉంటుంది అవ్వా. చాపెడు కాదు కదా, చేటెడు కూడా రాదు," అంది పంతులమ్మ.

"ఉత్త మనిషికి రాదు. చేతులెత్తి చీర పట్టుకున్న మనిషికి వస్తుంది."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కొలతలాయన మళ్లీ వచ్చేసరికి, రాతూరి ఆడా మగా గోడ ముందు బారులుగా నిలబడి ఉన్నారు. చేతులు పైకెత్తి చీరలు, దుప్పట్లు, గోనెపట్టాలు చాపి పట్టుకున్నారు. సన్నెమ్మ పెళ్లినాటి చీర మధ్యలో ఉంది, చిరుగులు ఉన్నచోట మనిషి తల అడ్డం పెట్టారు. కింద పిల్లలు గుణింతాలు వల్లిస్తున్నారు.

కొలతలాయన కర్ర పట్టుకుని ఆ కిందికి వెళ్లాడు. చల్లగా ఉంది. ఆయన ఉద్యోగంలో చేరాక అంత చల్లటి నీడలోకి రాలేదు. కొలత కాస్త నెమ్మదించింది.

"బాబూ, అక్కడ చల్లగా ఉందని తెలుసు. ఇక్కడ చంకలు పడిపోతున్నాయి," అంది పోలమ్మ.

"తొందరపెట్టకమ్మా, తప్పు పోతుంది."

"గాలొస్తోంది, గట్టిగా పట్టండర్రా! ఓ చాప ఎగిరిపోతోంది!" అని సన్నెమ్మ అరిచింది.

కొలత ముగిసింది. ముప్పై రెండు చాపలు. చిల్లర ముక్కలేమీ లేవు. కాలవూరి దూడల పందిరిని తీసేస్తే, రాజ్యంలో అంత నీడ ఏ బడికీ లేదు. ఆ నీడ దేనివల్ల పడాలో రాగిరేకులో ఎక్కడా రాయలేదు. కొలతలాయన మూడుసార్లు తలుచుకుని చూసి, ముప్పై రెండు అని స్పష్టంగా రాసుకున్నాడు. పక్కన, ఆకు ఒక్కటి కూడా లేకుండానే, అని రాశాడు. మెచ్చుకోలుగా రాశాడు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

ఆకులు వచ్చేదాకా బడి ఆగకూడదని ఊరు అనుకుంది. రోజూ మధ్యాహ్నం ఆ రెండు గంటలూ చీరలు పట్టారు. మొదటి వారం పెద్దలందరూ వచ్చారు. పట్టినంతసేపూ రాళ్ల పని ఆగింది, రాత్రికి గంజి పలచబడింది. రెండో వారం సగంమంది వచ్చారు. మూడో వారం నుంచి, పదేళ్లు దాటిన పిల్లలు వంతులేసుకున్నారు. ఇవాళ చీర పట్టినవాళ్లు రేపు చదువుతారు. రేపు చదివినవాళ్లు ఎల్లుండి పట్టుకుంటారు. కాలవూరి పిల్లలు రెండు పాఠాలు దాటేలోగా వీళ్లు ఒకటి దాటేవాళ్లు. అయినా దాటేవాళ్లు.

కాగితాలు రాజధానికి చేరాయి. ఏడుగురు పండితులూ రాతూరి కాగితం దగ్గర ఆగారు.

"ఆకు లేకుండా ముప్పై రెండు చాపలట," అన్నాడు మొదటి పండితుడు.

"అద్భుతం," అన్నాడు రెండోవాడు.

"ఆకు లేకుండానే ఇంత నీడ చేసుకోగలిగితే ఇక ఆకులెందుకు?" అన్నాడు మూడోవాడు. మిగతా నలుగురికీ అది తమకు తోచనందుకు కాస్త అసూయ కలిగింది.

నెలరోజులకు కొలతలాయన రాతూరు వచ్చాడు. వెనక బండి లేదు. చేతిలో పట్టుగుడ్డలో చుట్టిన తాటాకు ఒకటి ఉంది. దాని మీద రాజు ముద్ర ఉంది. పంతులమ్మ అందరికీ వినబడేలా చదివింది.

"ఒక్క ఆకు సాయమైనా లేకుండా ముప్పై రెండు చాపల నీడను సాధించిన రాతూరి ప్రజలు రాజ్యానికే ఆదర్శం. ఇంతటి స్వశక్తి గల ఊరికి ఆకులిచ్చి ఆ శక్తిని మందగింపజేయడం ప్రభువులకు ఇష్టం లేదు. నలభై మోపులు ఇచ్చినా చాలదని మొరపెట్టుకున్న కాలవూరి అవసరం అంతకంటె పెద్దదని తేలినందున, మీ ముప్పై రెండు మోపులను అక్కడికి పంపడమైనది. మీకు మా మెచ్చుకోలు."

సన్నెమ్మ ఆ ఆకును చేతిలోకి తీసుకుని, ఎండకు అడ్డంగా పెట్టి చూసింది. దాని నీడ ఆమె ముక్కు మీద పడింది.

"బాగా రాశారు," అంది. "ఇదెవరి నెత్తిన పెడదాం?"

పొద్దు నడినెత్తికి వస్తోంది. గోడ నీడ గోడ కిందికి ముడుచుకుంటోంది. పంతులమ్మ తల్లుల వైపు తిరిగింది.

"మీరన్నది నాకు గుర్తుంది. కప్పు రాలేదు. పిల్లలను తీసుకుపోతామంటే నేను అడ్డం రాను."

అందరూ పోలమ్మ వైపు చూశారు. ఊళ్లో ఆ మాట మొదట అన్నది ఆవిడే. పోలమ్మ భుజం మీది సుత్తిని దించి గోడకు ఆనించింది.

"నెల్లాళ్లు నీడలో కూచుని పేరు రాయడం నేర్చింది నా కూతురు. ఇప్పుడు ఎండలోకి ఏ మొహంతో లాక్కుపోను?" అంది. "ఎవరు పట్టుకుంటున్నారివాళ? ఆ చీర ఇటివ్వండి."

చీరలు లేచాయి. గోనెపట్టాలు లేచాయి. ఆవేళ మనుషులు తక్కువ పడ్డారు. ఒక మూల పదకొండేళ్ల పిల్ల ఒక్కతే రెండు కొసలూ పట్టుకుని, కాలివేళ్ల మీద నిలబడింది. కొలతలాయన కర్ర పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఏం బాబూ, కొలుస్తావా?" అంది సన్నెమ్మ. "కొలిస్తే ఈసారి మా దుప్పట్లు కూడా లాక్కుంటారేమో."

కొలతలాయన కర్రను పక్కన పెట్టాడు. వెళ్లి ఆ పిల్ల చేతుల్లోంచి చీర కొసలు అందుకున్నాడు. పిల్ల చేతులు దించి, రెండుసార్లు విదిలించుకుని, పరుగెత్తి పలక ముందు కూచుంది. ఆయన పొడగరి కాబట్టి ఆ మూల నీడ కాస్త సాగింది. ఎంత సాగిందో రాసుకోవడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా విన్నవాళ్లు, "ఎంత గొప్ప మనుషులండీ!" అంటారు. నేనూ అంటాను. అన్నాక ఏదో మంచిపని చేసి వచ్చినట్టు హాయిగా ఉంటుంది. ఇంటికి వెళ్లి ఫ్యాను కింద పడుకుంటాను. మెచ్చుకోవడం నాకు బాగా వచ్చు. మెచ్చుకున్న తర్వాత లేచి చీర కొస పట్టుకోవడం మాత్రం నేనింకా నేర్చుకోలేదు.